సెంట్రింగు విప్పే రోజు

ఇల్లు కట్టుకునేవాళ్ళకి స్లాబు పడే రోజు పండగ. పొద్దున్నే కొబ్బరికాయ కొడతారు. మిక్సరు చప్పుడుకి వీధంతా లేస్తుంది. ఇంటాయన చుట్టాలని పిలుచుకుంటాడు, కూలీలందరికీ మిఠాయి పంచుతాడు, ఇంజనీరుగారు కూడా ఆ రోజు తప్పకుండా వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్తారు. మరి ఆ స్లాబు కింద పెట్టిన కర్రలూ జాకీలూ రేకులూ తీసే రోజున ఎవరుంటారు? మామూలుగా ఎవరూ ఉండరు. సెంట్రింగు మేస్త్రీ పంపిన ఇద్దరు కుర్రాళ్ళు, ఒక సుత్తి, ఒక గడ్డపార. మధ్యాహ్నం భోజనం వేళకి పని అయిపోవాలి, సాయంత్రానికి ఆ రేకులు ఇంకో ఇంటికి పోవాలి.

నిజానికి స్లాబుకి అసలైన పరీక్ష రోజు అదే. పోసిన రోజున స్లాబు నిలబడలేదు, దాన్ని నిలబెట్టారు. అది తన కాళ్ళ మీద తాను నిలబడేది ఊతాలు తీసిన రోజునే. మన బాగ్ లింగంపల్లిలోనూ, అశోక్‌నగర్‌లోనూ, చిక్కడపల్లి సందుల్లోనూ ఏ వీధిలో చూసినా ఒక ఇల్లు కూలగొట్టి మూడంతస్తులు లేపుతూనే ఉన్నారు గనక, ఈ సంగతి సివిల్ ఇంజనీరింగు చదివేవాళ్ళకే పరిమితం కాదు. ఆ అంతస్తుల కింద హాస్టలు గదుల్లో పడుకునేవాళ్ళలో మన కాలేజీవాళ్ళూ ఉన్నారు.

ముందు బరువెంతో చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది తీసుకోండి. అయిదంగుళాల స్లాబు. అంటే 50 ఘనపుటడుగుల కాంక్రీటు. ఇనుముతో కలిపి ఘనపుటడుగుకి సుమారు 70 కిలోల లెక్కన మూడున్నర టన్నులు. మూడడుగులకొకటి చొప్పున ఊతాలు పెట్టారనుకుంటే ఒక్కొక్క దాని మీద పడేది 265 కిలోలు, రేకులూ దుంగలూ కలుపుకుంటే 300కి దగ్గర. పడుకునే గది నెత్తిన ఒక చిన్న లారీ బరువుందన్నమాట. అది మామూలు గది సంగతి. హాలూ, దూలాలూ అయితే లెక్క ఇంకా పెరుగుతుంది.

కాంక్రీటు గట్టిపడింది గదా, ఇంక ఆ కర్రల మీద బరువేముంటుంది, స్లాబు గోడల మీదికి పోయే ఉంటుంది అని చాలామంది అనుకుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. స్లాబు బరువు మోయాలంటే అది కాస్త వంగాలి. వంగకుండా ఏ దూలమూ బరువు మొయ్యదు. కింద కర్ర బిగువుగా ఆనించి ఉన్నంతసేపూ స్లాబుకి వంగే అవకాశమే లేదు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు కర్ర ఎంత బరువు మోసిందో గట్టిపడ్డాక కూడా దాదాపు అంతే మోస్తూ ఉంటుంది. కర్ర కొంచెం దిగబడితేనో, ఎండకి కాస్త కుంచించుకుపోతేనో తప్ప బరువు దానంతటది గోడల మీదికి నడిచి పోదు. కనక సెంట్రింగు విప్పడమంటే ఖాళీగా నిలబడ్డ కర్రని తీసి పక్కన పెట్టడం కాదు. మోస్తున్నవాడి భుజం మీది నుంచి బరువు తీసి ఇంకొకరి భుజం మీద పెట్టడం.

ముగ్గురు మనుషులు ఒక దుంగని మోసుకుపోతున్నారనుకోండి. మధ్యవాడు మెల్లగా వంగి తప్పుకుంటే మిగతా ఇద్దరికీ బరువు నెమ్మదిగా తెలుస్తుంది, సర్దుకుంటారు. ఒక్క గంతున తప్పుకుంటే? దుంగ ఒక్కసారి ఊగుతుంది. ఎత్తునుంచి పడకపోయినా సరే, బరువుని ఒక్కసారిగా వదిలితే ఆ క్షణంలో కలిగే వంపు నెమ్మదిగా వదిలినప్పటికంటే దాదాపు రెట్టింపు ఉంటుందని ఫిజిక్సు క్లాసులో స్ప్రింగు లెక్క చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సుత్తితో కర్రని ఒక్క దెబ్బకి ఎగరగొట్టడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఒక ఊతం పోయిన మరుక్షణం దాని వాటా పక్క ఊతాల మీద పడుతుంది. అవి అప్పటికే నిండుగా మోస్తూ ఉంటే వాటిలో ఒకటి వంకర తిరగవచ్చు, తర్వాత దాని పక్కది.

కర్రల కింద చెక్క చీలికలు కొట్టడం అందుకే. ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా ఏటవాలు చెక్కలు పెడితే, విప్పేటప్పుడు వాటిని కొద్దికొద్దిగా వెనక్కి తడుతూ కర్రని దారం మందాన దింపుకోవచ్చు. ఇనుప జాకీ అయితే మరీ సులువు, మరని పావు చుట్టు తిప్పి ఆగడమే. అన్నిటినీ ఒక విడత పావు చుట్టు వదులు చేసి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకో పావు చుట్టు. దీనికి పట్టే సమయం మహా అయితే ఒక గంట ఎక్కువ. ఆ గంట కోసమే జాకీకి మర పెట్టారు. ఎత్తు సర్దడానికి మాత్రమే కాదు.

ఇక ఏది ముందు తియ్యాలి? ఇది చాలామంది మేస్త్రీలకి చేతి వాటంగా తెలుసు, కారణం అడిగితే చెప్పలేరు. తెలియని కుర్రాడికి మాత్రం ఏది దగ్గరుంటే అదే ముందు.

నాలుగు గోడల మీద ఆనిన గది స్లాబు తీసుకోండి. దాని ఇనుము ముఖ్యంగా అడుగున ఉంటుంది. స్లాబు మధ్యలో కిందికి వంగుతుంది, అడుగుభాగం సాగుతుంది, ఆ సాగుడుని ఇనుము పట్టుకుంటుంది. కాబట్టి ఊతాలు గది మధ్యలో మొదలుపెట్టి గోడల వైపుకి తీసుకుంటూ పోవాలి. అప్పుడు స్లాబు ఎట్లా వంగాలని లెక్క కట్టారో అట్లాగే వంగుతుంది. గోడల పక్కనున్నవి ముందు తీసేసి మధ్యలో ఒక్క కర్ర మిగిల్చారనుకోండి. ఆ కర్ర నెత్తిన స్లాబు అటూ ఇటూ వాలుతుంది, కర్ర పైన పైభాగం సాగుతుంది. పైన ఇనుము లేదు. పగులు పైనుంచి మొదలవుతుంది. మళ్ళీ ఆ ఒక్క కర్ర బుర్ర స్లాబుని కింద నుంచి పొడుచుకుని పోయే ప్రమాదం కూడా ఉంది. అంతా తీసేశాక కర్ర ఎక్కడుండేదో ఎవరికీ గుర్తుండదు, పగులు మాత్రం మొదటి వానకి కారుతుంది.

బాల్కనీకీ, సన్‌షేడుకీ పద్ధతి తిరగబడుతుంది. ఒకవైపే పట్టు, రెండో వైపు గాలిలో. దాని ఇనుము పైభాగాన ఉండాలి. ఇక్కడ ఊతాలు తియ్యాల్సింది బయటి కొన నుంచి లోపలికి, గోడ వైపుకి. కొనన ఉన్న కర్రని అట్లాగే ఉంచి గోడ పక్కవి ముందు తీస్తే అది చేతిలా చాచిన స్లాబు కాకుండా రెండు వైపులా ఆనిన స్లాబయి కూచుంటుంది. నడుమ కిందికి వంగుతుంది, అడుగున సాగుతుంది, అడుగున ఇనుము ఉండదు. ఒకే ఇంట్లో, ఒకే రోజున, గదికి ఒక వరస, బాల్కనీకి దానికి వ్యతిరేకమైన వరస. కుర్రాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పి పంపే కంట్రాక్టర్లు ఎందరో మీరే చూడండి.

సన్‌షేడు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చిన్నదని దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. కిటికీ పైన లింటెలుతో కలిపి పోసిన సన్‌షేడు రెండడుగులు బయటికి వచ్చి ఉంటుంది. అది ముందుకి తిరగబడకుండా పట్టుకునేది ఏది? లింటెలు పైన కట్టే గోడ బరువే. ఆ గోడ లేవకముందే, కాంక్రీటు గట్టిపడింది గదా అని కింది ఊతాలు తీసేస్తే కాంక్రీటులో ఏ లోపమూ లేకపోయినా లింటెలుతో సహా ముందుకి దొర్లి పడుతుంది. మనిషి సాధారణంగా దాని కిందే నిలబడి ఊతం తీస్తాడు. ఇంకో దోషం స్లాబు పోసేటప్పుడే జరిగి ఉంటుంది. బాల్కనీ మీద పైన ఉండాల్సిన ఊచల్ని కూలీలు తట్టలతో తొక్కుకుంటూ నడిచి అడుక్కి తొక్కేస్తారు. పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది. ఊతం ఉన్నన్నాళ్ళూ బయటపడదు. ఊతం తీసిన నాడు బయటపడుతుంది.

ఎన్ని రోజులు ఉంచాలి అన్న ప్రశ్నకి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 (2000 ప్రతి) కొన్ని అంకెలిచ్చింది. మామూలు పోర్ట్‌లాండు సిమెంటు వాడి, వాతావరణం 15 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉంటే, దూలాల పక్క పలకలూ స్తంభాల పలకలూ 16 నుంచి 24 గంటల్లో తియ్యవచ్చు. స్లాబు అడుగు రేకులు 3 రోజులకి, దూలాల అడుగు పలకలు 7 రోజులకి తియ్యవచ్చు, కానీ ఊతాలు వెంటనే మళ్ళీ బిగించాలి. పూర్తిగా ఊతాలు తియ్యడానికి నాలుగున్నర మీటర్ల లోపు స్లాబులకి 7 రోజులు, అంతకు మించితే 14. దూలాలకీ ఆర్చీలకీ 6 మీటర్ల దాకా 14 రోజులు, అంతకు మించితే 21.

ఈ అంకెల్ని చాలామంది కంఠస్థం చేస్తారు, వాటికి ముందున్న షరతుని చదవరు. కాంక్రీటుకి ఆ సమయంలో కలిగే ఒత్తిడికి కనీసం రెట్టింపు బలం వచ్చేదాకా సెంట్రింగు ముట్టవద్దు అన్నది అసలు సూత్రం. రోజుల లెక్క దానికొక అందాజు మాత్రమే. మామూలు సిమెంటుతో వారానికి మూడింట రెండు వంతుల బలం వస్తుంది. ఇవాళ బజారులో ఇళ్ళకి ఎక్కువగా అమ్ముడుపోయేది బూడిద కలిపిన పొజోలానా సిమెంటు. అది మంచిదే, చివరికి బలం ఏమీ తగ్గదు, కాకపోతే మొదటి రోజుల్లో మెల్లగా నడుస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాదులో 15 డిగ్రీలకి దిగువకి పోవడం మామూలే. ఇవి రెండూ కలిసినప్పుడు ఏడు రోజులంటే ఏడు రోజులే అని పట్టుబట్టడం పంచాంగం చూసి అన్నం ఉడికిందనడం లాంటిది. మెతుకు పట్టి చూడాలి. ఇక్కడ మెతుకు అంటే స్లాబుతోపాటే పోసి, స్లాబు పక్కనే, అదే ఎండలో అదే నీళ్ళతో ఉంచిన ఆరంగుళాల క్యూబు. ల్యాబులో నీళ్ళ తొట్టిలో సుఖంగా పెరిగిన క్యూబు స్లాబు సంగతి చెప్పదు.

చలి ఎంత పని చెయ్యగలదో 1978 ఏప్రిల్ 27న అమెరికాలో తెలిసింది. పశ్చిమ వర్జీనియాలో విల్లో ఐలండు అనే చోట విద్యుత్కేంద్రానికి కూలింగు టవరు కడుతున్నారు. పరంజా నేల మీద లేదు. టవరు గోడకే, కింద పోసిన వరసలకే బోల్టులతో బిగించి, గోడతోపాటు పైకి జరుపుకుంటూ పోయేవారు. రోజుకొక అయిదడుగుల వరస. ముందు రోజు పోసిన వరసకి ఆ రాత్రి చలికి చాలినంత బలం రాలేదు. మర్నాడు పొద్దున దాని మీద బరువు వెయ్యగానే ఆ వరస లొంగిపోయి పరంజా మొత్తం టవరు చుట్టూ ఊడి వచ్చింది. పైనున్న 51 మందీ పోయారు. కాంక్రీటు వయసు అప్పటికి ఒక్క రోజు. దాన్ని పరీక్ష చేసి చూసి ఉంటే పని ఆగేది.

ఇప్పుడు మన అశోక్‌నగర్ మేడల దగ్గరికి వద్దాం. రెండో అంతస్తు స్లాబు పోశారు. మూడో అంతస్తు స్లాబు కోసం ఊతాలు ఎక్కడ నిలబెడతారు? రెండో అంతస్తు స్లాబు మీదే. మూడో స్లాబు పచ్చిగా ఉన్నప్పుడు దాని బరువంతా ఈ ఊతాల గుండా రెండో స్లాబు నెత్తిన దిగుతుంది. ఒక స్లాబు మోయాల్సింది దాని సొంత బరువూ, రేపు దాని మీద తిరిగే మనుషులూ మంచాలూ బీరువాలూ. ఇళ్ళలో ఈ రెండో భాగం సాధారణంగా చదరపు మీటరుకి 200 కిలోలు. అయిదంగుళాల స్లాబు సొంత బరువే చదరపు మీటరుకి 300 దాటుతుంది. అంటే పైస్లాబు పచ్చి బరువు ఒక్కటే కిందిదానికి లెక్క కట్టిన వాడకం బరువుని మించిపోయింది. అందుకే కింద ఇంకో అంతస్తు ఊతాలు కూడా తియ్యకుండా ఉంచి ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల మీద పంచాలి. ఆస్ట్రేలియాకి చెందిన గ్రండీ, కబైలా అనే ఇద్దరు 1963లో ఈ లెక్కని వరసగా అంతస్తంతస్తుకీ చేసి చూపించారు. ఊతాలు ఉంచినా సరే, కట్టే దశలో ఏదో ఒక స్లాబు మీద దాని సొంత బరువుకి రెండింతలకి పైగా పడుతుందని తేల్చారు. వాళ్ళ లెక్కలోని కీలకం తీసుకుంటే చాలు: కట్టడం పూర్తయి జనం చేరిన రోజున కాదు, కడుతున్నప్పుడే, అదీ కాంక్రీటు లేతగా ఉన్నప్పుడే, స్లాబు జీవితంలోకెల్లా పెద్ద బరువు మోయవచ్చు.

1973 మార్చి 2న వర్జీనియాలో బెయిలీస్ క్రాస్‌రోడ్స్ అనే చోట స్కైలైన్ ప్లాజా అన్న భవనం కడుతూ ఇరవై నాలుగో అంతస్తు పోస్తున్నారు. కింది అంతస్తుల ఊతాలు తొందరపడి తీసేశారు. ఇరవై మూడో అంతస్తు స్లాబుని స్తంభాలు కాగితాన్ని పెన్సిలు పొడిచినట్టు పొడుచుకుని పైకి వచ్చాయి. అది కిందిదాని మీద, ఆ రెండూ దాని కిందిదాని మీద, అట్లా నేల దాకా. 14 మంది చనిపోయారు, 34 మందికి గాయాలు. పైన పోస్తున్నవాళ్ళు తప్పు చెయ్యలేదు, తప్పు వాళ్ళ కాళ్ళ కింద రెండంతస్తుల లోతున జరిగింది. మన వీధిలో ఇరవై అంతస్తులు లేవు గదా అనవద్దు. కింది అంతస్తులో కాపురాలూ హాస్టలూ నడుస్తూ ఉండగానే పైన కొత్త స్లాబు పోసే అలవాటు అక్కడ లేదు, ఇక్కడ ఉంది. నీ గది పైకప్పు మీద కర్రలు నిలబెట్టి స్లాబు పోస్తున్నారంటే, నీ గదిలో కింద ఊతాలు పెట్టారా అని అడగడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు. పెట్టలేదంటే ఆ వారం ఇంకో స్నేహితుడి గదిలో పడుకోవడం మేలు.

వెంటనే మళ్ళీ బిగించాలి అన్నదాన్ని గురించి ఒక మాట. సైట్లలో జరిగేది ఏమిటంటే, మూడో నాడు రేకుల కోసం గది మొత్తం విప్పేస్తారు, సాయంత్రానికి నాలుగు కర్రలు తెచ్చి మళ్ళీ నిలబెట్టి, చూశారా ఊతాలున్నాయి అంటారు. ఆ పూట స్లాబు తన బరువు తాను మోసేసింది, వంగాల్సినంతా వంగేసింది. తర్వాత పెట్టిన కర్ర ఆ వంపుని తిప్పలేదు. ఇక ముందు పడే బరువులో వాటా మాత్రం తీసుకుంటుంది. పోనీ అని జాకీని గట్టిగా బిగించి స్లాబుని పైకి ఎత్తబోతే అది ఇందాకటి మధ్య కర్ర కథే, పైభాగం పగులుతుంది. చేతికి బిగువు తెలిసేంత చాలు. అన్నిటికంటే మంచిది, ఒక వరస ఊతాల్ని మొదటినుంచీ విడిగా, రేకులతో సంబంధం లేకుండా స్లాబుకే నేరుగా ఆనించి పెట్టడం. రేకులు ఊడి వస్తాయి, ఆ వరసని ఎవరూ ముట్టుకోరు.

ఇంతవరకూ చెప్పిందంతా ఎప్పటికైనా తన కాళ్ళ మీద నిలబడే కట్టడం గురించి. ఎన్నటికీ నిలబడని పైకప్పు కింద నుంచి ఊతాలు తీసేవాళ్ళు మన రాష్ట్రంలోనే ఉన్నారు. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైనప్పటినుంచీ సింగరేణి కార్మికులకి ఇది తెలిసిన పని. బావి లోపల ముందు గ్యాలరీలు తవ్వుతారు, మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలని కూడా తవ్వి తీస్తారు, డీపిల్లరింగు అంటారు. తీసేసిన జాగాలో పైకప్పు కూలిపోవాలి. కూలకుండా ఊతాల మీద వేలాడితే దాని బరువంతా పనిచేసే చోటి మీదికి వస్తుంది, తర్వాత ఎప్పుడో పెద్ద విస్తీర్ణం ఒక్కసారి పడి గాలి తుపానులా తోసుకొస్తుంది. కనక అక్కడ ఊతం తియ్యడం ప్రమాదమే, తియ్యకపోవడం కూడా ప్రమాదమే. ఇసుకతో నింపే జాగాల సంగతి వేరు.

అటువంటి చోట కార్మికులు పాటించే క్రమం చూస్తే మన ఇళ్ళ సెంట్రింగు కుర్రాళ్ళు ఎంత ఏమీ లేకుండా పనిచేస్తున్నారో తెలుస్తుంది. ముందు ఇవతల వైపు కొత్త ఊతాల వరస నిలబెడతారు. ఆ తర్వాతే అవతలి వరస ముడతారు. కూలిన వైపు నుంచి మొదలుపెట్టి మనిషి ఎప్పుడూ గట్టి పైకప్పు వైపుకి వెనక్కి నడిచేట్టు చూసుకుంటారు, వెనక దారి ఖాళీగా ఉంచుతారు. ఊతాన్ని దగ్గరికి పోయి సుత్తితో కొట్టరు. సిల్వెస్టర్ అనే సాధనం ఉంది, పళ్ళున్న ఇనుప పట్టీ, మీట, గొలుసు. గొలుసుని ఊతానికి తగిలించి దూరాన ఊతాలున్న చోట నిలబడి మీటతో లాగుతారు. పక్కన సర్దార్ నిలబడి పైకప్పు చప్పుడు వింటూ ఉంటాడు. అడ్రియాలలాంటి లాంగ్‌వాల్ గనిలో ఆ పని హైడ్రాలిక్ ఊతాలు చేస్తాయి. వరసలో ఒకటి దిగి, ముందుకు జరిగి, మళ్ళీ పైకి ఆనుకుంటుంది. అంతసేపూ దాని పక్కవి కదలవు.

బరువు తెలియకుండా జారవిడవడం పాత విద్యే. 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ 22 ఆర్చీల వంతెన. ఏ రాతి ఆర్చీ అయినా చివరి రాయి పడేదాకా కింద అచ్చు మీద పడుకుని ఉండాల్సిందే. దాన్ని దింపే నేర్పులో పేరు తెచ్చుకున్నవాడు ఫ్రెంచి ఇంజనీరు పెరొనే. పారిస్ దగ్గర నొయ్యీ వంతెనకి అయిదు ఆర్చీలు, మధ్య స్తంభాలు బాగా సన్నవి. ఒక ఆర్చీ తోపుడుని పక్క ఆర్చీ తోపుడు కాయాలి తప్ప స్తంభం కాయలేదు. అందువల్ల ఒకదాని అచ్చు ముందూ ఒకదానిది వెనకా తియ్యడానికి వీల్లేదు, అన్నీ కలిసి దిగాలి. 1772 సెప్టెంబరు 22న పదిహేనో లూయీ రాజు ఎదుట చివరి చట్రాలని నదిలోకి పడదోశారు. అది జనం కోసం చేసిన వేడుక. అసలు పని, బరువుని మెల్లమెల్లగా ఆర్చీలకి అప్పగించడం, అంతకుముందే నిశ్శబ్దంగా అయిపోయింది. తర్వాతి శతాబ్దంలో ఫ్రాన్సులోనే ఇసుక డబ్బాలు వచ్చాయి. ఊతం ఇసుక నింపిన డబ్బాలో కూచుంటుంది, కింద బిరడా తీస్తే ఇసుక సన్నగా కారుతుంది, ఊతం గడియారంలా దిగుతుంది. 1911, 12 ప్రాంతాల ఫ్రేసినే అనే ఇంజనీరు ఇంకో అడుగు వేశాడు. అచ్చుని దింపలేదు, ఆర్చీ నడినెత్తిన జాకీలు పెట్టి రెండు సగాలని ఎడంగా తోశాడు, ఆర్చీయే అచ్చు మీద నుంచి లేచింది. అప్పుడు అచ్చు మీద బరువే లేదు, ఎట్లా తీసినా ఒకటే.

ఈ ఫ్రేసినే కిటుకు మన పాత ఇళ్ళకి నేరుగా పనికొస్తుంది. బాగ్ లింగంపల్లి హౌసింగు బోర్డు క్వార్టర్ల వంటి చిన్న ఇళ్ళలో, నడుమ గోడ తీసి హాలు పెద్దది చేసుకోవాలనో, వీధి వైపు గోడ తీసి దుకాణం పెట్టుకోవాలనో చాలామందికి కోరిక. పైబరువు మోసే గోడ అయితే రెండు వైపులా ఊతాలు పెట్టి, గోడ తీసి, ఇనుప దూలం ఎక్కిస్తారు. దూలానికీ పైకప్పుకీ మధ్య వేలెడు సందు ఉంటుంది. దాన్ని సిమెంటు పూసి మూసేసి మర్నాడు ఊతాలు తీసేస్తారు. ఇక్కడ రెండు పొరపాట్లు. తడి సిమెంటు ఆరుతూ కుంచించుకుపోతుంది, సందు మళ్ళీ ఏర్పడుతుంది. ఆపైన ఇనుప దూలం ఇంకా ఏమీ మొయ్యలేదు గనక ఏమీ వంగలేదు, ఊతం తీసినప్పుడు అది వంగినంతా పైకప్పు దిగుతుంది, పై గోడ మెట్లు మెట్లుగా పగులుతుంది.

చెయ్యాల్సింది ఇది. సందులో పిడికిట పడితే ముద్ద కట్టేంత పొడి మోర్టారుని కర్రతో దట్టించి కొట్టాలి, లేదా ఉక్కు బిళ్ళల చీలికలు జతలుగా బిగించాలి. దూలం నడుమ కాస్త వంగేంత బిగువు ముందే ఇవ్వగలిగితే మరీ మంచిది, అంటే దూలం బరువు అందుకోవడం ఊతాలున్నప్పుడే మొదలవుతుంది. మోర్టారు గట్టిపడేదాకా రోజులు ఆగాలి. అప్పుడు ఊతాన్ని చేత్తో తిప్పి చూడాలి. మర సులువుగా తిరిగితే దానికి బరువు లేదు. బిగిసిపోయి ఉంటే నిండా మోస్తోందన్నమాట, దాన్ని సుత్తితో కొట్టనే కూడదు. దాని పక్కన ఇంకో జాకీ పెట్టి అది అందుకునేదాకా బిగించి, మొదటిది సులువుగా వదులైనప్పుడు తీసి, తర్వాత పక్కదాన్ని పావు చుట్టు చొప్పున దింపాలి.

మన పేట నెత్తిన 2023 ఆగస్టు 19న తెరిచిన ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉన్న ఉక్కు వంతెన, నాయని నర్సింహారెడ్డిగారి పేరు పెట్టినది, ఈ గొడవని ఇంకో రకంగా తప్పించుకుంది. ఆర్‌టీసీ చౌరస్తాలో నేల మీద నుంచి కర్రల అడవి లేపి నెలల తరబడి కాంక్రీటు పోసే జాగా ఎక్కడుంది? ఉక్కు దూలాలు తయారుచేసి తెచ్చి క్రేనుతో పైన కూచోబెడితే రోడ్డు మీది ఊతాలు బాగా తగ్గిపోతాయి. కింద బస్సులు నడుస్తూ ఉండగా పైన పనిచెయ్యడం ఎటువంటిదో ఈ ఊరికి తెలుసు. 2007 సెప్టెంబరు 9, ఆదివారం సాయంత్రం, పంజగుట్ట దగ్గర కడుతున్న ఫ్లైఓవరులో ఒక భాగం కింద పోతున్న వాహనాల మీద కూలి ప్రాణాలు పోయాయి. వంతెన ఇంకా వంతెన కాలేదు, రోడ్డు మాత్రం రోడ్డుగానే నడుస్తోంది.

చివరగా, తొందర ఎవరిదని అడగాలి. ఇంటాయనది కాదు, వారం ఆలస్యమైతే ఆయనకి పోయేదేమీ లేదు. సెంట్రింగు రేకులూ జాకీలూ రోజు అద్దెకి వస్తాయి, లేదా మేస్త్రీవే అయినా ఆ సామానుతో నెలకి ఎన్ని స్లాబులు పోస్తే అంత సంపాదన. పదో రోజున ఉన్న సామాను ఆయన లెక్కలో నష్టం. ఆ నష్టాన్ని పూడ్చడానికి స్లాబు కిందికి పోయేవాడు పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కూలీ, అందరికంటే తక్కువ కూలి తీసుకునేవాడు. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో, కాంక్రీటు గట్టిపడిందని బాధ్యుడు పరీక్షించి ధ్రువపరిచాకే సెంట్రింగు విప్పాలనీ, దాన్ని రాసి ఉంచాలనీ చెప్పారు. మీ ఇంటి పని జరుగుతూ ఉంటే స్లాబు పోసేరోజు ఒప్పందంలోనే అద్దె ఇరవై ఒక్క రోజులకి అని రాయించి, ఆ పైకం మీరే కట్టండి. విప్పే తేదీ ఇంజనీరు సంతకంతో గోడ మీద సున్నంతో రాయించండి. విప్పే పూట కింద గదిలో పనిచేసేవాళ్ళు తప్ప ఎవరూ లేకుండా చూసి, గది మధ్య నుంచి మొదలుపెట్టమని, బాల్కనీని కొన నుంచి మొదలుపెట్టమని ఆ కుర్రాళ్ళకి మీరే చెప్పండి. స్లాబు అడుగున గది నడుమ ఒక దారం వేలాడదీసి, దాని కొన పక్కన నేల మీద నిలబెట్టిన కర్ర మీద గీత పెట్టుకుంటే అది ఎంత దిగిందో కంటికి కనిపిస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి ఆగిపోతే సరే. గంట గంటకీ దిగుతూనే ఉంటే వదులు చేసిన జాకీల్ని చేతి బిగువు దాకా మళ్ళీ ఆనించి, అందరినీ బయటికి పంపి, ఇంజనీరుకి కబురు చెయ్యాలి.